కొత్త హార్డ్ డిస్కుకు తరలింపు: వ్యవస్థ, ఫైళ్లు

కంప్యూటర్‌లోని పాత డిస్కు నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అందులో వేసుకున్న ప్రోగ్రాములను, సొంత ఫైళ్లను మరో డిస్కు మీదికి చేర్చి, ఆ కొత్త డిస్కుతోనే యంత్రం మొదలయ్యేలా చేయడాన్ని డిస్కు తరలింపు అంటారు. డిస్కు నిండినప్పుడు, పాడయ్యే సూచనలు కనిపించినప్పుడు, తిరిగే హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేయించుకున్నప్పుడు ఈ పని పడుతుంది. ఇల్లు, ఆఫీసు అవసరాలకు పాత ల్యాప్‌టాప్‌ను ఇంకొన్నేళ్లు నడుపుకోవాలనుకునేవారు ఎక్కువగా మూడో కారణంతోనే దీని జోలికి వస్తారు.

పైకి ఒకే పనిలా ఉన్నా ఇందులో రెండు పనులున్నాయి. ఫొటోలు, పాటలు, ఉత్తరాలు, లెక్కల ఫైళ్లు ఎక్కడికి తీసుకెళ్లినా తెరుచుకుంటాయి కాబట్టి వాటిని కాపీ చేస్తే చాలు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ స్వేచ్ఛ లేదు. అది తానున్న డిస్కును, ఆ డిస్కులో తన చోటును, చుట్టూ ఉన్న పరికరాలను గుర్తుపెట్టుకుని నడుస్తుంది. సీ డ్రైవ్‌లో కనిపించేవన్నీ ఎంచుకుని కొత్త డిస్కులో పేస్ట్ చేసినా కంప్యూటర్ లేవదు. ఈ రంగంలో వచ్చిన పనిముట్లన్నీ ఈ చిక్కును విప్పడానికి పుట్టినవే.

చరిత్ర

1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రపు డిస్కు యూనిట్‌లో 24 అంగుళాల పళ్లాలు 50 ఉండేవి. అన్నిటిలో కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. 1980లో సీగేట్ సంస్థ 5 ఎంబీ సామర్థ్యాన్ని 5.25 అంగుళాల డ్రైవ్‌లోకి తెచ్చింది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ డిస్కుతో వచ్చింది. ఆ డాస్ రోజుల్లో తరలింపు తేలిక. వ్యవస్థ మొత్తానికి మూలం మూడు ఫైళ్లే. కొత్త డిస్కును ఫార్మాట్ చేసి, ‘సిస్’ ఆదేశంతో ఆ ఫైళ్లను, బూట్ సెక్టారును సరైన చోట పెట్టి, మిగిలినవి ‘ఎక్స్‌కాపీ’తో తెచ్చుకుంటే యంత్రం లేచేది.

విండోస్ ఎన్‌టీ, విండోస్ 95 వచ్చాక పరిస్థితి మారింది. ప్రోగ్రాముల అమరికలు రిజిస్ట్రీ అనే ఉమ్మడి దస్తరంలోకి చేరాయి. విండోస్ నడుస్తున్నంతసేపూ ఆ దస్తరం తాళంలో ఉంటుంది; మామూలు కాపీకి అందదు. 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్‌లో ప్రతి ఫైలుకూ ఎవరు చదవాలో, ఎవరు రాయాలో చెప్పే అనుమతులు తోడయ్యాయి. విస్టా నుంచి ఒకే ఫైలు రెండు మూడు ఫోల్డర్లలో వేర్వేరు పేర్లతో కనిపించే హార్డ్ లింకుల వాడకం బాగా పెరిగింది. అలాంటిదాన్ని ఫైలు ఫైలుగా కాపీ చేస్తే ఆ ముడులు తెగిపోతాయి, ఒక్కటిగా ఉన్నది రెండై చోటు తింటుంది.

ఈ అవసరంలోంచే ‘ఘోస్ట్’ పుట్టింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో బైనరీ రీసెర్చ్ అనే సంస్థ కోసం ముర్రే హజార్డ్ 1995లో దీన్ని రాశాడు. డిస్కు మొత్తాన్ని మరో డిస్కుకు ఎత్తిపెట్టడం దాని పని. 1998లో సిమాంటెక్ ఆ సంస్థను కొన్నాక అది నార్టన్ ఘోస్ట్‌గా ప్రపంచమంతా తిరిగింది. ఒక కంప్యూటర్‌ను సిద్ధం చేసి, దాని ప్రతిరూపాన్ని ల్యాబ్‌లోని మిగతా యంత్రాలన్నిటికీ దించే పద్ధతి దానితో బాగా పాకింది. 2013లో నార్టన్ ఘోస్ట్ అమ్మకాలు ఆగిపోయినా, ఆ పనికి దాని పేరే పెట్టి ‘ఘోస్ట్ కొట్టడం’ అనే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు.

యునిక్స్ లోకంలో ఇంకా ముందు నుంచే, 1970ల నుంచి, ‘డీడీ’ అనే చిన్న ఆదేశం ఉంది. అది డిస్కులోని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఏ ప్రశ్నా అడగకుండా కాపీ చేస్తుంది. ప్రశ్న అడగకపోవడమే దాని బలమూ, ప్రమాదమూ. మూలాన్నీ గమ్యాన్నీ తారుమారుగా రాస్తే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. ఆ నష్టాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. తైవాన్‌లోని జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రంలో రూపుదిద్దుకున్న క్లోన్‌జిల్లా ఈ తరహా పనిని మెనూలతో, ఉచితంగా అందించింది. అది రాసే ముందు గమ్య డిస్కు పేరు చూపించి ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. ఎంత హడావుడిలో ఉన్నా ఆ ప్రశ్నను చదవకుండా ‘వై’ నొక్కకూడదు; అక్కడ కనిపించే డిస్కు మోడల్ నంబరును, సామర్థ్యాన్ని చూడకుండా ముందుకు పోకూడదు.

డిస్కు మీద ఏముంటుంది

ఏ ఫైలు డిస్కులో ఎక్కడెక్కడ ఉందో ఫైళ్ల వ్యవస్థ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఊరి అడంగల్‌లో ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో రాసినట్టే: భూమి పొలంలో ఉంటుంది, దాని ఆనవాలు పుస్తకంలో ఉంటుంది. ఫైలు తీసేస్తే మారేది పట్టికలోని పద్దు. తిరిగే డిస్కులో ఆ సమాచారం వేరే ఫైలు వచ్చి కూర్చునే దాకా అక్కడే పడి ఉంటుంది.

డిస్కుకు నకలు తీసే పనిని క్లోనింగ్ అంటారు. అందులో రెండు రకాలు ఈ పట్టిక వల్లే వచ్చాయి. ఒకటి, ఖాళీ చోటుతో సహా ప్రతి సెక్టారునూ కాపీ చేయడం. ఇది నిదానం, కొత్త డిస్కు పాతదంత లేదా అంతకంటే పెద్దది కావాలి. తొలగించిన ఫైళ్లను తర్వాత వెతుక్కోవాల్సి ఉంటే ఇదే తగినది. రెండోది, పట్టిక చదివి, వాడుకలో ఉన్న భాగాలనే తేవడం. 1 టీబీ హార్డ్ డిస్కులో 200 జీబీ మాత్రమే నిండి ఉంటే ఈ పద్ధతిలో 500 జీబీ ఎస్ఎస్‌డీలోకి దిగవచ్చు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం అడగకపోతే ఈ రెండోదే చేస్తాయి. విండోస్‌లోని వాల్యూమ్ షాడో కాపీ ఏర్పాటు వల్ల కంప్యూటర్ నడుస్తుండగానే తాళంలో ఉన్న ఫైళ్లతో సహా ఒక క్షణపు స్థితిని పట్టుకుని కాపీ చేయగలుగుతున్నాయి.

ఫైళ్లు రావడంతో సరిపోదు. యంత్రం లేచేటప్పుడు మదర్‌బోర్డుకు ఎక్కడ చూడాలో తెలియాలి. 1983 నాటి డాస్‌తో వచ్చిన ఎంబీఆర్ పద్ధతిలో డిస్కు మొదటి సెక్టారులోనే బూట్ కోడ్, నాలుగు ప్రధాన పార్టిషన్ల వివరం ఉంటాయి. సెక్టారు నంబరుకు 32 బిట్లు, సెక్టారుకు 512 బైట్లు చొప్పున లెక్క వేస్తే అది సుమారు 2.2 టీబీ దాకానే చూడగలదు. అందుకే 4 టీబీ డిస్కును ఎంబీఆర్‌తో పెడితే సగం దాకా పనికిరాకుండా పోతుంది. దాని స్థానంలో వచ్చిన జీపీటీ పద్ధతి యూఈఎఫ్ఐ మదర్‌బోర్డులతో జతగా పనిచేస్తుంది. ఇందులో బూట్ ఫైళ్లకు విడిగా ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటుంది. విండోస్ 11కు యూఈఎఫ్ఐ తప్పనిసరి. ఎంబీఆర్ డిస్కును ఫైళ్లు పోకుండా మార్చే ‘ఎంబీఆర్ 2 జీపీటీ’ అనే పనిముట్టును మైక్రోసాఫ్ట్ విండోస్ 10లోనే చేర్చింది.

దీనర్థం, సీ పార్టిషన్ ఒక్కటే క్లోన్ చేస్తే పని పూర్తికాదు. ఈఎఫ్ఐ పార్టిషన్, దాని వెంట ఉండే చిన్న రిజర్వ్ పార్టిషన్, రికవరీ పార్టిషన్ అన్నీ కలిసి రావాలి. చాలా విఫల తరలింపులకు కారణం వీటిని వదిలేయడమే.

రికవరీ పార్టిషన్ తెచ్చే తలనొప్పి వేరే ఉంది. విండోస్ దాన్ని సాధారణంగా సీ డ్రైవ్‌కు ఆనుకుని కుడిపక్కన పెడుతుంది. 250 జీబీ డిస్కు నుంచి 1 టీబీకి మారినవాళ్లు, క్లోన్ పూర్తయ్యాక డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే 700 జీబీ దాకా ఖాళీగా కనిపిస్తుంది, సీ డ్రైవ్ మాత్రం పెరగనంటుంది. మధ్యలో రికవరీ పార్టిషన్ గోడలా నిలబడటమే కారణం. విండోస్ సొంత పనిముట్టు పార్టిషన్‌ను కుడివైపు ఆనుకున్న ఖాళీలోకే పెంచగలదు. క్లోన్ చేసేటప్పుడే పార్టిషన్ల పరిమాణాన్ని లాగి సర్దుకునే వీలిచ్చే సాఫ్ట్‌వేర్ వాడితే ఈ బాధ ఉండదు. లేకపోతే జీపార్టెడ్ వంటిదానితో రికవరీ పార్టిషన్‌ను డిస్కు చివరికి జరపాలి.

పెట్టె మీద 500 జీబీ అని ఉన్న డిస్కును విండోస్ 465 జీబీగా చూపిస్తే మోసపోయామని గాభరా పడక్కర్లేదు. తయారీదారులు వెయ్యి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తాయి. 1 టీబీ ఇలాగే 931గా కనిపిస్తుంది. చిన్న డిస్కులోకి దిగేటప్పుడు ఈ తేడా లెక్కలోకి తీసుకోవాలి.

పరికరాలు, సమయం

ఎస్ఎస్‌డీ కొనే ముందు చూడాల్సింది కనెక్షన్. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు చోట్లో సరిగ్గా కూర్చుంటుంది, సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది. ఎం.2 ఆకారంలో వచ్చేవాటిలో సాటావీ ఉన్నాయి, ఎన్‌వీఎంఈవీ ఉన్నాయి. చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. రెండోవి మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌పైనే సెకనుకు 3,500 ఎంబీ దాకా అందుకుంటాయి. పాత మదర్‌బోర్డులు కొన్ని ఎన్‌వీఎంఈ డిస్కును చూడగలవు కాని దానిలోంచి లేవలేవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి మార్కెట్‌కు వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ నంబరు రాసుకుని వెళ్లడం మేలు.

కొత్త డిస్కును యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి క్లోన్ చేయడం సులువైన దారి. డీవీడీ డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో దాన్ని తీసేసి క్యాడీలో పాత డిస్కు పెట్టుకునే పద్ధతీ ఉంది. వేగం అన్నిటికన్నా నెమ్మదైన లంకెను బట్టి ఉంటుంది. 500 జీబీని యూఎస్‌బీ 2.0 మీదుగా తెస్తే నాలుగు గంటలు దాటుతుంది. యూఎస్‌బీ 3.0 మీదుగా, సెకనుకు 100 ఎంబీ చదివే హార్డ్ డిస్కు నుంచి అయితే గంటన్నర లోపు. రెండు వైపులా ఎస్ఎస్‌డీలైతే అరగంట చాలు. ఇవి వరసగా చదివే క్లోనింగ్‌కు వర్తించే లెక్కలు. లక్షల చిన్న ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే హార్డ్ డిస్కు ముల్లు ప్రతి ఫైలుకూ చోటు మారాలి, ఒక్కో కదలికకు 10 మిల్లీసెకన్ల దాకా పోతుంది. అందుకే 10 జీబీ సినిమా నిమిషాల్లో వస్తే, 10 జీబీ ఉత్తరాల ఫోల్డరు పూట తినేస్తుంది.

క్లోన్ చేయాలా, కొత్తగా వేసుకోవాలా

ఈ ప్రశ్నకు సమాధానం యంత్రం మీద జరిగే పనిని బట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి చెత్త పేరుకున్న, వైరస్ అనుమానం ఉన్న విండోస్‌ను క్లోన్ చేయడమంటే ఆ రోగాన్ని కొత్త ఒంట్లోకి ఎక్కించడమే. అక్కడ తాజాగా విండోస్ వేసుకుని ఫైళ్లు మాత్రమే తెచ్చుకోవాలి. విండోస్ డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్కు మారినా సాధారణంగా తనంతట తానే యాక్టివేట్ అవుతుంది.

ఫైళ్లు మాత్రమే తెచ్చుకునేవాళ్లు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌తో ఆగిపోతుంటారు. యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో బ్రౌజర్ బుక్‌మార్కులు, అనేక ప్రోగ్రాముల అమరికలు ఉంటాయి. అవుట్‌లుక్ ఉత్తరాలు పీఎస్‌టీ ఫైల్లో ఉండొచ్చు. చాలా బ్రౌజర్లలో దాచుకున్న పాస్‌వర్డ్‌లు మాత్రం ఫోల్డరు కాపీ చేసినంత మాత్రాన రావు; పాత విండోస్ ఖాతా తాళంతో అవి మూసి ఉంటాయి. ముందే సింక్ చేసుకోవాలి, లేదా ఎగుమతి చేసుకోవాలి. ట్యాలీ వాడే దుకాణాలు, ఆడిటర్ల ఆఫీసులు డేటా ఫోల్డరు తెచ్చుకోవడంతో పాటు లైసెన్స్‌ను పాత వ్యవస్థలో సరెండర్ చేసి కొత్తదాంట్లో మళ్లీ తీసుకోవాలి.

ఫైళ్ల కాపీకి విండోస్‌లో రోబోకాపీ, లినక్స్‌లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్ నమ్మదగినవి. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ నడిపితే అప్పటికే వచ్చిన ఫైళ్లను వదిలి మిగిలినవే తెస్తాయి. మౌస్‌తో లాగి వదిలే పద్ధతిలో ఆ భరోసా లేదు.

తెలుగు ఫైళ్ల సంగతి

రెండు తెలుగు రాష్ట్రాల్లోని డీటీపీ సెంటర్లు, చిన్న పత్రికలు, ప్రచురణకర్తల దగ్గర ఏళ్లుగా పేరుకున్న పనిలో చాలా భాగం యూనికోడ్‌లో లేదు. అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు అవి. ఆ ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో నిలుపుతాయి. ఫైలు మాత్రమే కొత్త యంత్రానికి తెచ్చి తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు కనిపిస్తుంది. అదే ఫాంటు, అదే వెర్షన్ ఉంటేనే ఆ పేజీ మళ్లీ చదవడానికి వీలవుతుంది; దిద్దాలంటే దానికి జతైన కీబోర్డు ప్రోగ్రామూ కావాలి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాని సీడీ ఇప్పుడు చాలామంది దగ్గర లేదు. ఇలాంటి చోట వ్యవస్థను మొత్తంగా క్లోన్ చేయడమే సరైన పని. దానితో పాటు ఫాంట్ల ఫోల్డరును విడిగా దాచి, ముఖ్యమైన పుస్తకాలను పీడీఎఫ్‌గానూ యూనికోడ్‌లోకి మార్చిన పాఠంగానూ భద్రపరచాలి. ఈ జాగ్రత్త లేక ఒక డిస్కుతో పాటు ఒక రచయిత సమగ్ర సాహిత్యపు కూర్పంతా పోగలదు. మళ్లీ కూర్చడానికి అచ్చు ప్రతి తప్ప ఆధారం ఉండదు.

యూనికోడ్ ఫైళ్లకు ఈ బాధ లేదు, పేర్ల దగ్గర మాత్రం వేరే చిక్కుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫైలు పేరు 255 యూనికోడ్ సంకేతాల దాకా ఉండొచ్చు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. అంటే 85 సంకేతాలతో హద్దు నిండుతుంది. ‘స్త్రీ’ ఒక్కదానికే ఆరు సంకేతాలు, 18 బైట్లు. వ్యాసం శీర్షిక మొత్తం ఫైలు పేరుగా పెట్టుకునే అలవాటున్నవారు విండోస్ నుంచి లినక్స్‌కు మారేటప్పుడు కాపీ మధ్యలో ఆగిపోవడానికి ఇది కారణం. పాత జిప్ సాఫ్ట్‌వేర్లతో కట్టిన మూటల్లో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదమూ ఉంది. తరలింపుకు ముందే పొడవైన పేర్లను కుదించుకోవడం తేలిక.

మధ్యలో పెన్‌డ్రైవ్‌నో పోర్టబుల్ డిస్కునో వాడేవాళ్లకు మరో హద్దు: ఎఫ్ఏటీ32లో ఒక ఫైలు 4 జీబీ మించకూడదు. పెళ్లి వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి. ఆ డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌గా గాని ఎన్‌టీఎఫ్ఎస్‌గా గాని ఫార్మాట్ చేయాలి.

లేవని కంప్యూటర్

క్లోన్ అయ్యాక నీలి తెర మీద ‘ఇనాక్సెసబుల్ బూట్ డివైస్’ అని వస్తే, కొత్త డిస్కును చదివే డ్రైవర్‌ను విండోస్ మొదట్లోనే లోడ్ చేసుకోలేదని అర్థం. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు ఇది ఎక్కువ. రికవరీ తెర ద్వారా ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపితే చాలా సందర్భాల్లో విండోస్ డ్రైవర్‌ను తగిలించుకుంటుంది.

పాత, కొత్త డిస్కులు రెండూ ఒకేసారి ఉంచి మొదటిసారి లేపడం మంచిది కాదు. క్లోన్‌లో డిస్కు గుర్తింపు సంఖ్య కూడా అదే ఉండొచ్చు. రెండూ ఒకే సంఖ్యతో కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. లినక్స్‌లోనైతే ఒకే యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఉన్న రెండు పార్టిషన్లలో దేన్ని మౌంట్ చేస్తుందో ముందు చెప్పలేం. పాతదాన్ని తీసి పక్కన పెట్టి, కొత్తదానితోనే లేపి చూడాలి.

డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ గురించి చాలామందికి, కీ అడిగే తెర ఎదురయ్యాకే తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కుకు తాళం తనంతట తానే పడుతుండొచ్చు. డిస్కు మారాక యంత్రం 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. తరలింపు మొదలుపెట్టక ముందే ఆ కీని రాసి పెట్టుకోవాలి. నడుస్తున్న విండోస్‌లోంచి తీసిన క్లోన్ సాధారణంగా తాళం లేకుండా ఉంటుంది కాబట్టి పని పూర్తయ్యాక మళ్లీ ఆన్ చేయాలి.

విండోస్ ఎక్స్‌పీ కాలపు పార్టిషన్లను అలాగే ఎస్ఎస్‌డీకి తెచ్చేవారు అమరిక చూడాలి. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టారు నుంచి మొదలుపెట్టేది. 4 కేబీ చొప్పున రాసే డిస్కుల మీద ఇది ప్రతి రాతనూ రెండు గళ్ల మీద పడేస్తుంది. విస్టా నుంచి మొదలు 1 ఎంబీ దగ్గరకు మారింది.

లినక్స్‌లో తరలింపు తేలిక, చేసేవారికి తెలిసి ఉండాలంతే: ఫైళ్లను అనుమతులతో సహా ఆర్‌సింక్‌తో తెచ్చి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో కొత్త యూయూఐడీలు రాసి, బూట్ లోడర్ అయిన గ్రబ్‌ను మళ్లీ వేస్తే వ్యవస్థ లేస్తుంది. మ్యాక్‌లో 2007 నుంచి టైమ్ మెషీన్, దానితో పాటు మైగ్రేషన్ అసిస్టెంట్ ఈ పని చేస్తున్నాయి. 2020లో బిగ్ సర్ సిస్టమ్ భాగానికి డిజిటల్ ముద్ర వేశాక, మ్యాక్‌ఓఎస్‌ను తాజాగా వేసి సమాచారం మాత్రమే తెచ్చుకోవడమే మంచి దారిగా మారింది.

పాడవుతున్న డిస్కు

టక్‌టక్ చప్పుడు, ఫోల్డరు తెరవడానికి నిమిషాలు పట్టడం, కాపీ మధ్యలో ఆగిపోవడం ఇవన్నీ సూచనలే. డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదికలో 5వ అంశం మార్చిపెట్టిన సెక్టార్లను, 197వది చదవలేక వేచి ఉన్నవాటిని లెక్కిస్తుంది. ఈ అంకెలు పెరుగుతుంటే మామూలు క్లోనింగ్, చెక్‌డిస్క్ రెండూ ప్రమాదమే. అవి పాడైన చోటే మళ్లీ మళ్లీ తిప్పి డిస్కును చంపేస్తాయి. గ్నూ డీడీరెస్క్యూ ముందు బాగున్న భాగాలన్నిటినీ గబగబా లాగేసి, పాడైన గళ్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడి దాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి డిస్కు వేడెక్కితే ఆపి, చల్లారాక కొనసాగించవచ్చు. చప్పుడు చేస్తున్న డిస్కులో మరెక్కడా లేని సమాచారం ఉంటే కరెంటు తీసేసి నిపుణుల దగ్గరికి తీసుకెళ్లడమే దారి.

తరలింపు తర్వాత

కొత్త డిస్కుతో కొన్ని రోజులు రోజువారీ పనులన్నీ చేసి చూశాక గాని పాతదాని మీద చెయ్యి వేయకూడదు. విలువైన ఫోల్డర్లకు రెండు చోట్లా షా-256 చెక్‌సమ్ తీసి పోల్చవచ్చు. ఎస్ఎస్‌డీ అయితే, తీసేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని దానికి తెలియజేసే ట్రిమ్ పనిచేస్తోందో లేదో చూడాలి. విండోస్ 7 నుంచి ఇది ఉంది. క్లోన్ ఉందన్న ధైర్యంతో బ్యాకప్ మానకూడదు. క్లోన్ తీసిన రోజు తర్వాత రాసిన ఫైలు దానిలో ఉండదు.

పాత డిస్కులో ఆధార్, పాన్ కార్డుల స్కాన్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల ఫొటోలు ఉంటాయి. అమ్మేముందు క్విక్ ఫార్మాట్ కొడితే పోయేది పట్టిక మాత్రమే. తిరిగే హార్డ్ డిస్కు మీద మొత్తం ఒకసారి సున్నాలు రాస్తే చాలు. ఎస్ఎస్‌డీ తన గళ్లను లోలోపల మార్చుకుంటూ ఉండటం వల్ల పైనుంచి సున్నాలు రాసినా కొన్ని పాత గళ్లు మిగిలిపోవచ్చు. దానికి తయారీదారు పనిముట్టుతో సెక్యూర్ ఎరేజ్ ఆదేశం ఇవ్వాలి. మొదటి నుంచీ బిట్‌లాకర్ తాళంలో ఉన్న డిస్కయితే, దాని కీని రికవరీ ప్రతులతో సహా చెరిపేస్తే లోపలి సమాచారం చదవడానికి పనికిరాదు.